కిటికీ అక్కరలేని మనిషి

మా చిన్నమావయ్య, అంటే మావారి బాబాయి, కుర్చీలు అల్లుతారు. రేచీకటితో మొదలైన జబ్బు ముప్పై అయిదేళ్లకే ఆయన చూపు మొత్తం తినేసింది. ఫర్నిచర్ దుకాణం కింద, నేలమాళిగలో పని. ఇరవై ఏళ్లలో ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్లలేదు. ఆయన్ని చూసి గోడగడియారం సరిచేసుకోవచ్చని మావారు నవ్వేవారు.

పాప పుట్టాక ఆయన గది మాకిచ్చారు. ఇంట్లో ఎండ వచ్చే కిటికీ అదొక్కటే. పసిపిల్లకి పగలేదో రాత్రేదో తెలియాలంటే పొద్దుటి వెలుతురు పడాలని అడిగింది నేనే. "అతనికి కిటికీతో పనేముంది, దోమలు రావడానికా?" అంటూ అత్తయ్య ఆయన మంచం సామాన్ల గదిలో వేయించారు. ఆయనా నవ్వారు.

మూడో నెల వచ్చేసరికి పాప రాత్రిళ్లు నిద్రపోసాగింది. చిన్నమావయ్య పగలు తూగసాగారు. ఆయన నిద్ర రోజూ కాస్త ఆలస్యమవుతూ, చివరికి మిట్టమధ్యాహ్నం ఆయనకు అర్ధరాత్రి అయి కూర్చుంది. యజమాని రెండుసార్లు ఓర్చుకుని, ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కర్లేదన్నాడు. వయసు మీద పడిందని అత్తయ్య తేల్చేశారు.

నాకు మాత్రం కాలేజీలో చదివింది గుర్తొచ్చింది. ఆకారాలను చూసే కణాలు చచ్చిపోయినా, తెల్లవారిందని మెదడుకు చెప్పే కణాలు కంటిలో వేరే ఉంటాయి. ఇలాంటి జబ్బులో అవి బతికి ఉండొచ్చు. పనిచేసేది నేలమాళిగలో, బయట అడుగు పెడితే నల్లద్దాలు. ఆయన ఒంటికి ఇన్నేళ్లూ పొద్దు తెలిసింది ఆ కిటికీలోంచే.

వెళ్లి చెప్పాను. గది మార్చుకుందామన్నాను.

"పసిపిల్లని చీకట్లో పడేసి నేను ఎండ కాచుకోనా అమ్మాయ్? వింటే నవ్వుతారు."

"పోనీ, పొద్దున్నే వచ్చి కిటికీ దగ్గర కూర్చోండి."

"బాలింత కోడలి గదిలోకా? నాకు కళ్లు పోయాయి గానీ బుద్ధి పోలేదు."

నల్లద్దాలు తీసి వీధిలో నిలబడటానికీ ఒప్పుకోలేదు. ఆ కళ్లు చూసి పిల్లలు జడుసుకుంటారట.

గది సంగతి నేను రెండోసారి ఎత్తలేదు. ఆ సామాన్ల గదిలో పాప ఉయ్యాల ఊహించుకుంటేనే భయం వేసింది. ఆయన కాదన్నందుకు లోలోపల ఊపిరి పీల్చుకున్నాను కూడా.

మూడోసారి ఆలస్యమయ్యాక యజమాని జాలిపడి, కుర్చీలనే ఇంటికి పంపుతున్నాడు. చిన్నమావయ్య ఆ గదిలోనే, మెలకువ వచ్చినప్పుడల్లా అల్లుతారు. అన్నానికి పిలిస్తే ఒక్కోసారి గాఢనిద్రలో ఉంటారు. ఇంటిపట్టునే పని దొరకడం అదృష్టమని అత్తయ్య అందరికీ చెబుతున్నారు.

నెల రోజులుగా ఆయన గడప దాటలేదు.