ఏడాది నిండాక చప్పట్లు

కపెంబ్వా గారు ప్రారంభోత్సవాల్లో చప్పట్లు కొట్టరు. ఆయనకున్న తిక్క అదొక్కటే గానీ, మా రాగి గని కంపెనీ సమాజసేవ విభాగం కొంప ముంచడానికి అదొక్కటీ చాలు. మా పనే చప్పట్లు.

ఊళ్ళో బోరింగు వేస్తాం. రిబ్బను కడతాం. డైరెక్టరు ముసోండా గారు కత్తిరిస్తారు. అందరం చేతులు వాచేలా కొడతాం. ఫొటో తీస్తాం. వార్షిక నివేదికలో నేను "జీవితాలు మారిపోయాయి" అని రాస్తాను. అప్పటికి ఒక్క బిందె కూడా నిండి ఉండదు. ఆ ఫొటోల్లో కపెంబ్వా గారు మాత్రం జేబుల్లో చేతులు పెట్టుకుని, పెళ్ళిలో అలిగిన మేనమామలా ఓ మూల నిలబడి ఉంటారు.

"ఏమయ్యా, చేతులకేమైనా జబ్బా?" అని డైరెక్టరు గారు ఓసారి అడిగేశారు.

"లేదండీ. ఇవాళ పుట్టిన పిల్లాణ్ణి ప్రయోజకుడయ్యాడని ఎలా మెచ్చుకోను? ఏడాది పోయాక వచ్చి కొడతాను."

అన్నట్టే కొట్టేవారు. ఏడాది నిండాక ఒక్కరే ఆ ఊరెళ్ళి, బోరింగు కొట్టి, దోసిట్లో నీళ్ళు తాగి, మేకలు వింతగా చూస్తుంటే నిలబడి చప్పట్లు కొట్టేవారట. మా జాంబియాలో పెద్దలకి దండం పెట్టడమన్నా చప్పట్లు కొట్టడమే. దాంతో ఆఫీసులో ఆయనకి బోరింగు భక్తుడని పేరు పడిపోయింది.

రిటైరైన రోజు మేం చప్పట్లు కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఇప్పుడొద్దు. ఏడాదయ్యాక నేనింకా పనిచేస్తుంటే కొట్టండి."

భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఆదివారం నేను వెళ్తే ఇద్దరికి సరిపడా న్షిమా, అదే మా మొక్కజొన్నపిండి ముద్ద, వండి ఉంచేవారు. నేను వెళ్ళని ఆదివారాలూ ఇద్దరికే వండేవారని తర్వాత తెలిసింది. వీధిలో ఏ బండి చప్పుడైనా ఆయన తల గేటు వైపు తిరిగేది. బండి ముందుకెళ్ళిపోయేది.

ఓ ఆదివారం ఒక లారీ ఆగింది. ఏదో ఊరి ఆడవాళ్ళంతా దిగారు. ముందు బనా కసుబా అనే పెద్దావిడ.

"తాతా, నువ్వింకా పనిచేస్తున్నావో లేదో చూద్దామని వచ్చాం. నడుమెలా ఉంది?"

"కిర్రుమంటోంది."

"ఆకలి?"

"వేస్తోంది."

"పనిచేస్తున్నాడే," అని ఆవిడ వెనక్కి తిరిగి చెప్పింది.

కపెంబ్వా గారు గబుక్కున చేతులు జేబుల్లో పెట్టుకున్నారు. "ఏడాది ఇంకా నిండలేదమ్మా."

రిబ్బను కత్తిరించిన నాడు నేను రాసుకుంటుంటే చూసిందేమో, బనా కసుబా నా వైపు తిరిగింది. "మా బోరింగు ఆర్నెల్లకే మూలపడింది. నీ పుస్తకంలో రాశావా నాయనా? మళ్ళీ వచ్చింది ఈయనొక్కడే. చొక్కా విప్పి, దాన్ని ఊడదీసి, బాగుచేసి, నీళ్ళు తాగి, అప్పుడు కొట్టాడు చప్పట్లు. పక్క ఊళ్ళలోనూ అంతేనట." మళ్ళీ ఆయన వైపు చూసింది. "ఆ ఆర్నెల్లూ వాగు నీళ్ళు తాగి ఆగాం తాతా. నీ విషయంలో అలా ఆగలేం. పాడవకముందే వచ్చాం."

అందరూ మోకాళ్ళ మీద కూర్చుని చప్పట్లు కొట్టారు. కపెంబ్వా గారు విసవిసా వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఏడుస్తున్నారేమోనని వెనకే వెళ్ళాను.

ఆయన ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద గిన్నె దించుతున్నారు.

"ఇంతమందికి ఎప్పుడూ వండలేదయ్యా," అన్నారు. "నీళ్ళెన్ని పొయ్యాలి?"