కారంపూడి చేలో పసుపు పూసిన ఎముకలు

పల్నాడులో రాకాసి గుళ్ళు చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. పేరు చూసి భయపడకండి. నాపరాళ్ళు నిలువుగా పాతి, పైన పెద్ద బండ మూతేసిన పాత కాలపు సమాధులవి, వేల ఏళ్ళ నాటివి. ఎండలు తగ్గాక చూద్దాం, వానలు తగ్గాక చూద్దాం అని వాయిదా వేస్తూ వచ్చాను. మొన్న ఫిబ్రవరిలో నా స్నేహితురాలు పద్మజ ఫోన్ చేసి, "ఏమే, కారంపూడి దగ్గర ఒక చేలో రాకాసి గుడి పగిలింది. ఎముకలు చూడమని నన్ను పిలిచారు, వస్తావా?" అంది. తవ్వకాల్లో దొరికిన ఎముకల్ని చూసి అవి ఎందరివో, ఏ వయసువాళ్ళవో తేల్చడం పద్మజ ఉద్యోగం. ఇలాంటి వాటికి అది పెళ్ళి భోజనానికి పిలిచినంత సంబరంగా పిలుస్తుంది. వస్తానన్నాను.

నరసరావుపేట బస్టాండులో పొద్దున్నే కారంపూడి మీదుగా మాచర్ల వెళ్ళే బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు డబ్బుల్లేవు కాబట్టి ఆ మిగులంతా ఇడ్లీల మీద ధారాళంగా ఖర్చుపెట్టాం. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. చూడ్డానికి బాగుంటాయి గానీ నాకు తుమ్ములు ఆగలేదు, మీరు వెళ్తే ముక్కుకి గుడ్డ కట్టుకోండి. కారంపూడిలో దిగి, రానూపోనూ మూడు వందలకి ఆటో మాట్లాడుకున్నాం. ఆటో శీను మేం ఎక్కడికో వినగానే వెనక్కి తిరిగాడు.

"ఆదెమ్మత్త చేనుకా? నిన్నటి నుంచి ఆ ఎముకల బేసిన్ ఎవర్నీ ముట్టుకోనియ్యట్లా మేడం. ఆఫీసోళ్ళొచ్చి అడిగినా ఇయ్యలా."

"ఎందుకని?"

"ఏందో, చెప్పదు. నోరు కూడా చానా పెద్దది. కాస్త చూసుకొని మాట్లాడండి."

చేలో నీళ్ళ గుంట కోసం మిషను తవ్విన చోట బండలు పగిలి పడి ఉన్నాయి. పురావస్తు శాఖ కూలీలు ఇద్దరు పక్కన పోసిన మట్టిని జల్లెడ పడుతున్నారు. వేపచెట్టు నీడలో ఆదెమ్మ, ఆమె ముందు పెద్ద బేసిన్. అరవై దాటిన మనిషి, గట్టి చూపు. పద్మజ బేసిన్ లోకి తొంగి చూసి, "అయ్యో" అని కూలబడింది. ఎముకలన్నీ పచ్చగా మెరుస్తున్నాయి.

"నేనే కడిగి పసుపు పూశా. తప్పా?" అంది ఆదెమ్మ.

తప్పే మరి. కలిసిపోయిన ఎముకల్ని విడదీసేటప్పుడు మొదట చూసేది రంగూ, అంటుకున్న మట్టీ. ఏది పాతది, ఏది మొన్నటిది, ఏది ఏ మూలనుంచి వచ్చింది అన్న ఆనవాళ్ళు అక్కడే దొరుకుతాయి. ఇప్పుడు అన్నిటిదీ ఒకే రంగు. నాకు ఒళ్ళు మండింది. "ఇంత దూరం వచ్చింది పసుపు పేరంటానికా" అని గొణిగాను. ఆదెమ్మ విన్నది. నోరు పెద్దదన్న మనిషి ఏమీ అరవలేదు.

"అందులో నా బిడ్డ ఉందమ్మా," అంది.

ముప్పై ఏళ్ళ పైమాట. తొలిచూలు ఆడపిల్ల, ఐదో నెలలో జ్వరమొచ్చి పోయింది. పళ్ళు రాని పిల్లని కాల్చకూడదని ఈ చేని గట్టు మీదే, నిలువు బండ పక్కన పూడ్చారు. "వెనక్కి తిరిగి చూడకుండా రమ్మన్నారు. వచ్చేశా. మొన్న మిషను ఆ బండా ఈ గుడీ కలిపి ఎత్తిపోసింది. చూస్తే చిన్నచిన్న ఎముకలు. ఏది నా పిల్లదో తెలీలా. అందుకని అందరికీ నీళ్ళు పోశా. ఊరికే ఎట్టా చూస్తా కూచోను?"

పద్మజ చెప్పులు విప్పి ఆమె పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, మీ పాప సంగతి తెలిసేదాకా ఒక్క ఎముక కూడా ఇక్కణ్ణుంచి కదలదు. సరేనా?"

మిరపకాయలు ఆరబోసే పట్టా దులిపి పరిచారు. పద్మజ కుడివైపువి ఒక వరస, ఎడమవైపువి ఒక వరస పేర్చింది. "మనిషికి కుడి తొడ ఎముక ఒక్కటే కదా పెద్దమ్మా. ఇక్కడ మూడున్నాయి. అంటే తక్కువలో తక్కువ ముగ్గురు." రెండు పెద్దవాళ్ళవి, ఒకటి చిన్నది. కీలుకి కీలు ఆనించి చూసింది, పొడుగులు కొలిచింది. కటి ఎముకల్ని బట్టి పెద్దవాళ్ళలో ఒకరు ఆడమనిషి అంది. జల్లెడలో దొరికిన ముక్కలూ వచ్చి చేరాయి. మధ్యాహ్నం ఆదెమ్మ భర్త కోటయ్య అన్నం, గోంగూర పచ్చడి తెచ్చాడు. మేం చేతులు కడుక్కుని తిన్నాం. ఆదెమ్మ తినలేదు.

కూలీలు మట్టి మొత్తం జల్లించేసరికి నీడ తిరిగింది. పద్మజ చిన్న ఎముకలన్నీ ఒక చోట చేర్చి, "పాపకి ఒక్క పన్ను కూడా రాలేదా పెద్దమ్మా?" అని అడిగింది.

"బోసి చిగుళ్ళేనమ్మా."

పద్మజ ఒక చిన్న కింది దవడని ఆమె అరచేతిలో పెట్టింది. దాన్నిండా వరసగా పాలపళ్ళు, వెనక దంతాలతో సహా. "మూడు నాలుగేళ్ళ బిడ్డ. ఈ చిన్న ఎముకలన్నీ ఈ బిడ్డకే సరిపోతున్నాయి. ఇంతకన్నా చిన్నది ఒక్కటీ లేదు."

"మరి నాది?"

"వీటిలో లేదు. అంతవరకే చెప్పగలను."

ఆదెమ్మ మిషను ఇంకా ముట్టని గట్టు వైపు చూసింది. తర్వాత మొగుడి మీద గయ్యిమంది. "ఇంక ఇటు జానెడు తవ్వినా ఊరుకోను. గుంట అటు జరుపుకో!" కోటయ్య సరేనని తలూపాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ దవడ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"దీని తల్లి ఉందా ఇందులో?"

"ఆడమనిషి ఉంది. తల్లి అవునో కాదో చూసి చెప్పలేను పెద్దమ్మా."

"చెప్పలేకపోతే పోనీలే. ఒకే పెట్టెలో పెట్టు. పిల్ల ఒక్కతే ఎట్టా ఉంటది?"

రూలు ప్రకారం పద్మజ ముగ్గుర్నీ వేరువేరు కవర్లలో కట్టింది. ఆ మూడు కవర్లనీ ఒకే పెట్టెలో పెట్టింది, పిల్లది మధ్యలో. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

చీకటి పడకముందే కారంపూడిలో నరసరావుపేట బస్సు దొరికింది. ఒళ్ళో ఆదెమ్మ కట్టిచ్చిన ఎండుమిరపకాయల మూట. నేను రాళ్ళు చూద్దామని వెళ్ళాను. ఆ రాళ్ళ మధ్య ఎవరో తమ బిడ్డని పెట్టి మూతేసి వెళ్ళిపోయారని, వాళ్ళకీ వెనక్కి తిరిగి చూడాలని ఉండే ఉంటుందని నాకు అంతకుముందు తట్టలేదు. పసుపు వల్ల పద్మజ పని చెడింది, నిజమే. అయినా అన్నేళ్ళ తర్వాత ఆ బిడ్డకి ఒక తల్లి స్నానం చేయించింది. అది వద్దనడానికి నాకు నోరు రాదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఎండలు ముదరకముందే వెళ్ళండి. దారిలో ఎక్కడైనా పాత ఎముకలు బయటపడితే కదపొద్దు, కడగొద్దు, తహసీల్దారు ఆఫీసులో చెప్పండి. మనసాగకపోతే దూరంగా నిలబడి దండం పెట్టండి. దండం పెడితే ఎముకలకి మరక పడదు.