పైవాటా అక్క ఇచ్చి వెళ్లిన నీళ్లు

నా చిన్నప్పుడు చంపాపేట్‌లో నల్లా నీళ్లు రోజూ వచ్చేవి కావు. అందుకే కిరాయి ఇల్లు ఖాళీ చేసేవాళ్లెవరూ పట్టి ఉంచుకున్న నీళ్లు పారబోసేవాళ్లు కాదు, పక్కవాటావాళ్లకు ఇచ్చి వెళ్లేవాళ్లు. మా పైవాటా అక్క వాళ్లు వెళ్లిపోయే రోజు కూడా మెట్ల మీదున్న వాళ్ల డ్రమ్ములోంచి కింద మా డ్రమ్ములోకి పైపు వేశారు. ఆ పైపును చూస్తేనే నాకు ఒళ్లు మండింది.

అక్క డిగ్రీ చదివేది. నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చిన మా ఇంట్లో సైన్సు చెప్పేవాళ్లెవరూ లేరు. సాయంత్రమైతే ఆమే నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పేది. వోల్టేజ్ దగ్గర మాత్రం నా బుర్ర మొరాయించింది. కరెంటూ అదీ ఒకటే కదా అని రోజూ ఆమె ప్రాణం తోడేసేదాన్ని. ఇంతలో వాళ్ల నాన్నకు వేరే ఊళ్లో పని దొరికింది.

సామానంతా లారీ ఎక్కింది, డ్రమ్ము ఒక్కటే మిగిలింది. అది ఖాళీ అయితే అక్క వెళ్లిపోతుంది. నేను మా డ్రమ్ములోంచి పైపు కొస లాగి, పరికిణీ తడుస్తున్నా వదలకుండా మెట్లెక్కుతూ ఎత్తాను. పై డ్రమ్ములోని నీళ్ల మట్టానికి వచ్చేసరికి ధార ఆగిపోయింది. అలాగే పట్టుకుని నిలబడ్డాను.

అక్క తిట్టలేదు. పక్కన వచ్చి నిలబడి, "ఎందుకాగింది చెప్పు? నీళ్లు అయిపోయినయా?" అంది.

"లేదక్కా, డ్రమ్ముల ఇంకా ఉన్నయి. రెండు దిక్కులా ఒకటే ఎత్తయింది."

"గదేనే వోల్టేజ్ అంటే. ఒక్క దగ్గర ఎంతున్నదని కాదు, రెండు దగ్గర్ల నడుమ తేడా ఎంతని. పారేది కరెంటు, పారించేది గా తేడా."

అన్నాళ్లూ ఎక్కనిది ఒక్క క్షణంలో ఎక్కింది. వెంటనే ఏడుపొచ్చింది. ఇక ఆమెను ఆపడానికి అర్థం కాలేదన్న సాకు కూడా లేదు.

"ఎంతసేపు పట్టుకుంటవే? చేతులు గుంజుతలేవా?" అంది. పైపు మాత్రం లాక్కోలేదు. చివరికి నేనే మెల్లగా దించాను. కాసేపటికి లారీ ఎల్బీ నగర్ వైపు తిరిగింది.

తర్వాత దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో నేనూ ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పాను. అర్థమైంది మేడమ్ అంటూ పిల్లలు బ్యాగులు సర్దుకుంటుంటే నాకు ప్రతిసారీ సంతోషమూ దిగులూ కలిసే వచ్చేవి. ఆ రోజు అక్కకూ అలాగే అనిపించిందా అని అడగాలని ఇప్పటికీ ఉంది. ఆమె ఏ ఊళ్లో ఉందో నాకు తెలియదు.