నల్ల దుప్పటి

చూపు పోయి ఇరవై ఏళ్లుగా తడిమి చూసుకుంటూనే బట్టలు ఇస్త్రీ చేసిన ఆవిడకు డాక్టర్లు కంట్లో చిప్ పెట్టి, కెమెరా ఉన్న కళ్లజోడు ఇచ్చారు. లోకమంతా కనిపిస్తుందనుకుంటే మినుకుమినుకుమనే చుక్కలే కనిపించాయి.

"ఈ మాత్రం దానికా ఇంత యాతన? తీసి పక్కన పడెయ్ వదినా," అంది ఆడపడుచు.

"పడేయడానికా పెట్టించుకుంది?" అంటూ ఆవిడ బల్ల మీది తెల్ల దుప్పటి తీసేసి నల్లది పరిచింది. దాని మీద తెల్లచొక్కా అంచు వెలుగుగీతలా తేలింది. అన్నేళ్లూ కాలని చెయ్యి, కంటిని నమ్మి రెండుసార్లు చురుక్కుమంది. అయినా పట్టు వదల్లేదు.

నెల తిరిగేసరికి తడమకుండానే కాలర్ ఎటుందో చెప్పేసింది. ఆడపడుచు చప్పుడు చెయ్యకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కాస్త పక్కకి జరుగమ్మాయ్, వెలుతురుకి అడ్డొస్తున్నావు," అంది ఆవిడ, పని ఆపకుండానే.