ఎండిన సీమలో తడిసిన బ్రేకులు

సోమందేపల్లె దగ్గర మా మూడు ఆర్మీ ట్రక్కులు హైవే దిగేసరికి ఉదయం ఆరు. సన్న వాన. సామాను: తాళ్ళు, రెండు పడవలు, బియ్యం మూటలు. వరద సహాయం డ్యూటీ అన్నారు. నాకు నవ్వొచ్చింది. నేను పుట్టింది కుందుర్పిలో. మబ్బు పట్టినా మంచాలు లోపలికి తీసేవాళ్ళం కాదు. ఆ అనంతపురానికి పడవలా!

ఊరి చెరువు నిండి మరువ మీదుగా పొంగి పారుతోంది, కట్ట నానిపోయింది. మధ్యాహ్నంలోగా కట్ట కింది కాలనీని ఖాళీ చేయించి, మిట్ట అవతలి బడికి చేర్చాలి. దారిలో నీళ్ళు పారే ఒక వంక, దాటగానే ఎక్కుడు, ఆ తర్వాత నిటారుగా దిగుడు. దిగుడు చివర మలుపు, మలుపు పక్కనే నీళ్ళు నిండిన క్వారీ గుంత.

చివరి ట్రిప్పుకు మా బండ్లు చాలలేదు. మిగిలినవాళ్ళను ఆ ఊరి ఓబులేసు తన పాత మినీ లారీలో ఎక్కించాడు. మామూలుగా అందులో శెనక్కాయ మూటలు తోలుతాడు. టైర్లు చూస్తే గీత అన్నది లేదు.

"ఏమప్పా, టైర్లిట్ల గుండైనాయి?"

"ఈడ వాన యాడుండాదన్నా, గీతలతో పనేముండాది?"

తప్పు పట్టలేకపోయాను. టైరు మీది గీతలు నీళ్ళు పక్కకు పోవడానికి తీసిన కాలువలు. నీళ్ళే లేని సీమలో కాలువలెందుకని మావాళ్ళ లెక్క.

"వంక దాటినాక బ్రేకు మింద కాలు ఆనిచ్చి మెల్లగా పో. తడిసిన బ్రేకులు పట్టవు, ఆ తడి ఆరల్ల," అన్నాను.

"సరేన్నా."

వంక దాటాడు. కానీ ఎదురుగా బురద ఎక్కుడు. నిదానిస్తే గుండు టైర్లు జారి బండి వెనక్కి వస్తుంది. పాపం, ఊపు మీదే ఎక్కించాడు. బ్రేకులు ఆరనే లేదు.

దిగుడులో నా ట్రక్కు అతని లారీకి ముందుంది. నా పక్కనున్న రేడియో ఆపరేటర్ అద్దంలో చూసి, "సాబ్, వెనక బండి ఆగడం లేదు," అన్నాడు.

కింద బడి దగ్గరున్న మా అధికారి సుబేదార్ సాబ్‌కు రేడియోలో చెప్పాను. "బ్రేకు లేదు సాబ్. నా బండి వెనక భాగం దానికి ఆనించి ఆపుతా."

"పట్టుకుంటుందా?"

"టైర్లు కొత్తవి. బ్రేకులు నిన్న నేనే సెట్ చేశాను."

"చెయ్యి."

అన్ని చక్రాలకూ బ్రేకు సమంగా పడాలి. ఒకటి ముందు పట్టినా బండి అడ్డంగా తిరుగుతుంది. అప్పుడు వాళ్ళతోపాటు మేమూ గుంతలోకే. నిన్న అన్నీ సరిగ్గానే బిగించానా?

రెండో గేరు వేశాను. ఓబులేసు లారీ వెనక దబ్బుమని తగిలింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. కొద్దికొద్దిగా బ్రేకు నొక్కాను. మా ట్రక్కు బురదను కరిచి పట్టుకుంది. మలుపుకు ముందే రెండు బండ్లూ ఆగాయి.

సాయంత్రం కట్ట తెగింది. కాలనీలో ఎవరూ లేరు.

వారం తర్వాత వెనక్కి వెళ్ళిపోయాం. రిటైరై ఇప్పుడు కుందుర్పిలోనే ఉంటున్నాను. ఊళ్ళో ఎవరైనా యుద్ధం కథలు చెప్పమంటే నాకు ఆ దిగుడే గుర్తొస్తుంది. ఆ గుర్తులో బండ్లింకా ఆగలేదు. అద్దంలో చూస్తే, ఓబులేసు స్టీరింగ్ వదిలేసి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఎత్తి మా బండికి మొక్కుతున్నాడు.