గొట్టంలో గొంతు

ఆ రోజుల్లో ఉద్యోగం నిలవాలంటే చేతికి పని వస్తే చాలదు, నోటికి తాళం కూడా వెయ్యడం రావాలి అనేవారు మా ఇంట్లో. మొదటిది నేర్చుకోవడానికి గురజాల నుంచి బస్సెక్కి వెళ్ళి బీయస్సీ చదివాను. రెండోదానికి కాలేజీలు లేవు. (ఉన్నా నన్ను చేర్చుకునేవారు కాదు.) అందుకే నరసరావుపేటలో మెదడు బొమ్మలు తీసి పరిశోధన చేసే ల్యాబులో నాకు ఉద్యోగం వచ్చిందనగానే మా అన్నయ్య భోజనం మధ్యలో చెయ్యెత్తి, "నెల తిరక్కుండా ఇంటికి రాకపోతే నా చెవి కోయించుకుంటా" అన్నాడు. "ఏ చెవో ఇప్పుడే చెప్పు, తర్వాత మాట మార్చమాకు" అన్నాను నేను.

ఒక ఆసుపత్రి వెనక రెండు గదుల ల్యాబు మాది. వయసు మీదపడ్డా జ్ఞాపకం చెదరని పెద్దవాళ్ళ మెదడు ఎలా ఉంటుందో చూడాలని హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద సార్ దాన్ని పెట్టారు. చీమకి కూడా 'దయచేసి' అని చెప్పే మనిషి. మిషను నడిపేవాడు కుదురు బాబాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "కుదురుగా ఉండండి, కుదురుగా ఉండండి" అనడమే ఆయన పని కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. నా పని, ఊళ్ళ నుంచి వచ్చిన పెద్దవాళ్ళ పేర్లు రాసుకోవడం, ఒంటిమీద ఇనుమన్నది లేకుండా చూడటం, బయటికొచ్చాక ఉప్మా, అరటిపండు పెట్టడం. ఆ మిషను మనిషిని పడుకోబెట్టే గొట్టంలాంటి పెద్ద అయస్కాంతం, పిన్నీసు కనపడినా లాక్కుంటుంది. మొదటివారమే ఒక పెద్దమ్మ రొంటిలోంచి ఆరు పిన్నీసులు, ఒక తాళంచెవి, అడకత్తెర తీసి, "ఇనప్పెట్టె కూడా దోపుకొచ్చావేమో చూడు పెద్దమ్మా" అన్నాను. ఆవిడ తిన్నగా సార్ దగ్గరికి వెళ్ళి, నేను ఆవిణ్ణి దొంగని చేశానని ఏడ్చింది. సార్ నన్ను పిలిచి, "అమ్మా, నీ పనికి వంక లేదు. దయచేసి ఇంకొక్క ఫిర్యాదు రాకుండా చూసుకో. వస్తే మాత్రం మర్నాటి నుంచి రానక్కర్లేదు" అన్నారు. దయచేసి ఉద్యోగం తీసేస్తామని నాకు చెప్పినవాళ్ళు ఆయనొక్కరే.

అప్పటి నుంచి పళ్ళు కరుచుకుని తిరిగాను. అన్నయ్య చెవి కోసం కాదు. తెరమీద మెదడు బొమ్మ మొదటిసారి చూసినరోజు, అడ్డంగా కోసిన కాలీఫ్లవర్ పువ్వులా ఉన్న ఆ ముడతల్లో ఒక మనిషి పెళ్ళీ, పొలం గట్టూ, పిల్లల పేర్లూ అన్నీ ఉన్నాయని బాబాయి చెబితే, ఇక్కణ్ణించి కదలకూడదని అనుకున్నాను. (కదలకూడదన్న మాట నేను ఒప్పుకున్నది అప్పుడే.) కానీ బొమ్మలే సరిగ్గా రావడం లేదు. చెవులకి పెట్టే హెడ్‌ఫోన్లలో ఒక హైదరాబాదు అమ్మాయి పంచదార గొంతుతో, "దయచేసి తల కదల్చకుండా నిశ్చలంగా ఉండండి" అంటుంది. అది రికార్డింగు. మన పల్నాడు మనిషికి ఒక ఆడపిల్ల అంత మర్యాదగా పలకరిస్తే ఊరుకుంటాడా? తల తిప్పి, "అట్నేనమ్మా. ఇంతకీ ఎవురి అమ్మాయివి? ఏ ఊరు?" అంటాడు. బొమ్మ చెదిరిపోతుంది. మళ్ళీ మొదటికి. ఆ పరిశోధనకి డబ్బిచ్చేవాళ్ళు, వచ్చే నెలలోగా సరైన బొమ్మలు చూపించకపోతే ల్యాబు మూసెయ్యమన్నారని బాబాయి నాకు చెప్పాడు.

అలాంటి పరిస్థితుల్లో దుర్గి నుంచి శిల్పాల తాత వచ్చాడు. జీవితమంతా రాతిలో నందుల్ని చెక్కిన మనిషి. కళ్ళల్లో ఇనపరజను లేదని ఎక్స్‌రేలో చూసుకున్నాకే లోపలికి పంపాం. పంచదార గొంతు మొదలైంది. "ఆఁ, చెప్పమ్మా. భోంచేశావా?" అన్నాడు తాత. బొమ్మ పోయింది. రెండోసారి, "మాది దుర్గి. మీదేవూరు?" అన్నాడు. మూడోసారి, "ఎంతసేపూ నీ మాటే గానీ, నేనడిగినదానికి బదులు చెప్పవేందమ్మా" అని అలిగాడు. సార్ తల పట్టుకున్నారు. బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆయన ముందున్న మైకు మీట మీదికి నా వేలు ఎలా వెళ్ళిందో నాకు తెలియదు.

"ఏంది తాతా నీ గోల! నేనెవురి కూతుర్నో బయటికొచ్చాక చెబుతా. సంబంధమేమన్నా తెచ్చావా? తలకాయ కదిపావంటే ఉప్మా లేదు, అరటిపండూ లేదు. నోరుమూసుకుని పడుకో!"

సార్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మిషను మాత్రం బోరుబండిలా టకటకమని కొట్టుకుంటూనే ఉంది, తాత రాయిలా పడుకున్నాడు. తెరమీద బొమ్మ గీత చెదరకుండా వచ్చింది. దాన్ని చూసే ధైర్యం లేక బీరువా పక్కకి వెళ్ళి నిలబడి, అన్నయ్యకి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.

తాత బయటికి రాగానే సార్ చేతులు జోడించి, "తాతగారూ, మా అమ్మాయి ఏదో తొందరపడి..." అన్నారు. తాత చెయ్యి అడ్డంపెట్టి, "ఏదా పిల్ల?" అన్నాడు. బీరువా పక్కనుంచి వచ్చాను.

"నా ఇంటిది పోయి మూడేళ్ళయింది" అన్నాడు నన్ను చూస్తూ. "ఉలి పట్టుకుంటే నాకు కూడు గుర్తుండదు. ఇట్నే కేకలేసేది. పిల్లలు ఎవురూ నన్ను పల్లెత్తుమాటనరు, చానా మర్యాద. ఆ గొట్టంలో పడుకుంటే దాని కేకే ఇనపడ్డట్టయింది. ఇంక కదుల్తానా?" కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. "సారూ, ఇంకోసారి పడుకోమన్నా పడుకుంటా." తర్వాత కండువా సర్దుకుని, "ఇంతకీ ఎవురి కూతురివే?" అన్నాడు.

మర్నాడే సార్ నన్ను మైకు ముందు కూర్చోబెట్టి, "దయచేసి నిన్నటిలాగే తిట్టు" అన్నారు. రికార్డింగులో పంచదార గొంతు పోయి నా గొంతు వచ్చింది. బొమ్మలు కుదిరాయి, ల్యాబు నిలిచింది. బయటికొచ్చిన ప్రతి మనిషికీ ఉప్మాతోపాటు మా నాన్న పేరూ, తాత పేరూ, ఊరూ చెప్పుకోవడం నాకు అదనపు డ్యూటీ అయింది. అన్నయ్య మాత్రం రెండు చెవులతోనూ తిరుగుతున్నాడు. ఏ చెవో తేలలేదట.

ఏడేళ్ళు చేసి వదిలేశాను. మొన్నామధ్య తల తిరుగుతోందని డాక్టరు స్కాను రాస్తే, ఇప్పుడు ఆసుపత్రి స్కాన్లు కూడా తీస్తున్న ఆ ల్యాబుకే మళ్ళీ వెళ్ళాను. మిషను కొత్తది, సార్ లేరు, బాబాయి లేడు, జీన్సు తొడుక్కున్న ఒక అమ్మాయి ఉంది. పడుకుని కళ్ళు మూసుకున్నానో లేదో హెడ్‌ఫోన్లలో, "ఏంది నీ గోల! నేనెవురి కూతుర్నో బయటికొచ్చాక చెబుతా..." అని వినపడింది.

"నాకే చెబుతున్నావటే!" అన్నాను, తలెత్తి.

మిషను ఆగింది. ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "కదిలారు మేడమ్, మళ్ళీ తియ్యాలి. ఆ గయ్యాళత్త గొంతు వింటే ఎవ్వరూ కదలరు, మీరే ఫస్టు" అంది విసుగ్గా.

"అత్త కాదమ్మా. అప్పటికి దానికి ఇరవైరెండేళ్ళే" అన్నాను.

"మీకెట్లా తెలుసు?"

"బయటికొచ్చాక చెబుతాలే" అని మళ్ళీ పడుకున్నాను. హెడ్‌ఫోన్లలో ఆ ఇరవైరెండేళ్ళ పిల్ల మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది. ఈసారి కదల్లేదు.