ఆనెకె అడిగింది సంచి కాదు

2023 చలికాలం. మెల్బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో, వృద్ధులను చూసుకునే ఒక ఏజ్డ్ కేర్ హోమ్‌లో నేను రిజిస్టర్డ్ నర్సుని. ఆనెకె అనే డచ్ పెద్దావిడ మా దగ్గర చేరింది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఆవిడకు వచ్చిన ఇంగ్లీషునంతా చెరిపేసి చిన్ననాటి డచ్‌ను మాత్రం మిగిల్చింది. కొడుకు పీటర్ ఆవిడ గుడ్డసంచి చూపించి, "దీన్ని అమ్మ బోత్స్‌ఖప్పెన్‌తాస్ అంటుంది. సరుకుల సంచి" అని చెప్పి వెళ్ళాడు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. తర్వాత ఉన్నట్టుండి ఆవిడ తలుపు దగ్గరికి పోయి "క్లెయినె బోత్స్‌ఖప్" అంటూ ఏడవడం మొదలుపెట్టింది. సంచి అడుగుతోందనుకుని ఇస్తే విసిరికొట్టేది. మా కేరర్ శ్రావణిది వరంగల్.

"క్లీన్ క్లీన్ అంటున్నదని బ్యాగ్ వాష్ చేసి గూడ ఇచ్చినక్కా. మళ్ల త్రో చేసింది" అంది శ్రావణి.

సాయంత్రమయ్యేసరికి ఇలాంటివారిలో అలజడి పెరగడం మామూలే. దాన్ని సన్‌డౌనింగ్ అంటాం. డాక్టరు నెమ్మదింపజేసే మందు మొదలుపెడదామన్నారు. ఆనెకె పొద్దున కూడా అదే మాట అంటోంది కాబట్టి ఇది వేరే అని నాకు గట్టిగా అనిపించింది.

"ముందు ఆవిడేం చెబుతోందో తెలుసుకుందాం డాక్టర్" అని ఫోన్‌లో డచ్ దుబాసీని పిలిపించాను.

ఆనెకె మాట విని అతను నవ్వాడు. "ఆవిడ అడిగేది సంచి కాదు సిస్టర్. సంచి అంటే తాస్. బోత్స్‌ఖప్ అంటే మొదట్లో కబురు. దూత అనే మాటలోంచి పుట్టింది. కబురు మోసుకెళ్ళడం పోను పోను పని మీద వెళ్ళడం అయింది. అలా వెళ్ళి తెచ్చిన సరుకులకూ అదే పేరు. వాటిని మోసేది బోత్స్‌ఖప్పెన్‌తాస్."

"మరి క్లెయినె?"

"చిన్న. చిన్న పని మీద వెళ్ళాలంటోంది. అంటే మూత్రానికి."

అతని చేత ఇంకా అడిగించాను. ఆనెకె నా చెయ్యి పట్టుకుని, మంటగా ఉందనీ, ఎంతమందికి చెప్పినా వినడం లేదనీ అంది. పరీక్షలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ బయటపడింది. యాంటీబయోటిక్స్ వేశాక వారం తిరక్కుండానే మళ్ళీ నవ్వుతూ టీ తాగింది. నెమ్మదింపజేసే మందు అవసరమే రాలేదు. పీటర్ తల పట్టుకున్నాడు. "చిన్నప్పుడు మమ్మల్నీ అలాగే అడిగేది. నాకు తట్టనే లేదు" అన్నాడు.

జబ్బు మనిషి ఒకే మాటను పదేపదే అంటుంటే, ముందు ఆ మాట సంగతి తేల్చాలి. మందు సంగతి ఆ తర్వాత. ఇప్పుడు కొత్తగా ఎవరు చేరినా ఇంట్లోవాళ్ళను నేను తప్పకుండా అడిగేది ఒకటుంది. బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే ఏమంటారు?

మొన్న ఒక గుంటూరు ఆంటీని చేర్పించడానికి వచ్చిన కొడుకు ఆ ప్రశ్నకు సిగ్గుపడ్డాడు.

"ఒంటికి పోవాలంటుంది అక్కా. ఇక్కడెవరికి అర్థమవుద్దిలే."

"అవుద్ది. మావాళ్ళందరికీ ఇవాళే నేర్పుతాను" అన్నాను.